సారా జోసెఫా హేల్

ఆంగ్లము నేర్చు బాలురెల్లరు పాడెడు మేరీ గొఱ్ఱెపిల్ల గేయమును 1830లో ప్రకటించినది సారా జోసెఫా హేల్. ఈమె 1788లో అమెరికాయందలి న్యూపోర్టున జన్మించెను. 1822లో భర్త గతింపగా అయిదుగురు బిడ్డలను కలముబలముచేతనే పోషించెను.

ఆ దేశమున కోతల పిమ్మట కుటుంబమంతయు గూడి, టర్కీకోడి మాంసమును, గుమ్మడికాయతో జేసిన తీపిభక్ష్యమును ఆరగించి, దేవునికి కృతజ్ఞత దెలుపు థాంక్స్‌గివింగు పండుగ కలదు. నాడది రాష్ట్రమున కొకదినమున జరుగుచుండెను. దేశమంతటికి నొకేదినము కావలెనని ఈమె 1846 మొదలు పత్రికలో వ్రాసెను, అధ్యక్షులకు జాబులంపెను, ఫలింపలేదు. 1863లో, అన్నదమ్ములే పోరుచున్న అంతర్యుద్ధము నడుమ, ఆమె లేఖ వ్రాసిన వారములోపలనే అధ్యక్షుడు లింకను నవంబరు కడపటి గురువారమును నియమించెను. 1941 చట్టముచే నది నాలుగవ గురువారమైనది. ఈమె 1879లో మరణించెను.

సంక్రాంతికి క్రొత్తబియ్యముతో పొంగలి వండి బంధువులతో గూడు కృష్ణాతీరవాసులకు ఆమె పదునేడేండ్ల పట్టుదల యేల యో సుబోధమే.