ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన బ్రిటిషు శస్త్రవైద్యుడు. మత్తుమందు వలన రోగులు మరణించడానికి కారణం తేల్చేందుకు ఏర్పడిన హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ల ద్వారా ప్రసిద్ధుడు.

జీవితం

ఈయన ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించాడు. లాహోరులో పనిచేసి, 1885లో రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోను, హైదరాబాదు వైద్య పాఠశాలలోను సేవలందించాడు.

క్లోరోఫాం కమిషన్లు

1847లో క్లోరోఫాం వాడుకలోకి వచ్చింది. మరుసటి సంవత్సరమే ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తొలగించే సమయంలో మరణించింది. ఇటువంటి మరణాలలో ముందుగా ఆగేది గుండెయా, శ్వాసయా అన్నది వివాదమైంది. శ్వాసను గమనిస్తే ప్రమాదం ఉండదని, మరణం సంభవిస్తే లోపం మత్తు ఇచ్చినవారిదేనని లారీ వాదించాడు. 1888లో మొదటి కమిషను జంతువులపై ప్రయోగాలు చేసి ఈ వాదాన్ని బలపరచింది. లాన్సెట్ పత్రిక దీనిని అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు సమకూర్చగా, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. రెండవ కమిషను కూడా లారీ మాటనే సమర్థించింది. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు.

అనంతర పరిణామాలు

స్వల్ప మోతాదు క్లోరోఫాంతో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో ఎ.జి.లెవీ పిల్లులపై నిరూపించాడు. దీనితో ప్రతి మరణానికీ మత్తు ఇచ్చినవారే బాధ్యులన్న వాదం వీగిపోయింది. క్లోరోఫాం క్రమంగా శస్త్రచికిత్సల నుండి తొలగిపోయింది. రోగి శ్వాసను ఎడతెగక గమనించాలన్న నియమం మాత్రం నిలిచింది. దానికి నాడి, గుండె పరిశీలన కూడా తోడయ్యాయి.