డేవిడ్ వాన్ డాంట్‌జిగ్

డేవిడ్ వాన్ డాంట్‌జిగ్ (సెప్టెంబరు 23, 1900 - జూలై 22, 1959) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ గణిత శాస్త్రవేత్త. టోపాలజీయ సమూహాలపై ఈయన నిరూపించిన సిద్ధాంతం, సముద్రపు కరకట్టల ఎత్తును నిర్ణయించేందుకు ఈయన రూపొందించిన గణిత పద్ధతి ప్రసిద్ధి పొందాయి.

విద్య, ఉద్యోగం

వాన్ డాంట్‌జిగ్ యూదు కుటుంబంలో జన్మించారు. 1917లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విద్యార్థిగా చేరి, తరువాత గణితం వైపు మళ్ళారు. 1931లో వాన్ డర్ వార్డెన్ పర్యవేక్షణలో టోపాలజీయ బీజగణితంపై పరిశోధన చేసి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. 1938లో డెల్ఫ్ట్‌లోని సాంకేతిక విద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1940లో జర్మనీ నెదర్లాండ్స్‌ను ఆక్రమించిన పిదప, యూదుడైనందున ఆ పదవి నుండి తొలగించబడ్డారు. యుద్ధానంతరం, 1946లో, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టారు. అదే సంవత్సరం ఆ నగరంలో ఏర్పడిన గణిత కేంద్రం స్థాపకులలో ఈయన ఒకరు.

వాన్ డాంట్‌జిగ్ సిద్ధాంతం

వాస్తవ సంఖ్యలు తెగని గీతవలె ఉంటాయి. ఎంత చిన్న సంఖ్యనైనా మళ్ళీ మళ్ళీ కూడుతూ పోతే సున్నా పరిసరాన్ని దాటిపోక తప్పదు. కర్ట్ హెన్సెల్ 1897లో ప్రవేశపెట్టిన పి-ఆడిక్ సంఖ్యల తీరు వేరు. 5-ఆడిక్ సంఖ్యలలో 25 కంటె 625 సున్నాకు దగ్గర, ఎందుకంటే అది 5 యొక్క మరింత పెద్ద ఘాతంతో భాగింపబడుతుంది. 25కు గుణిజాలైన 5-ఆడిక్ పూర్ణాంకాలను ఎన్నింటిని కూడినా మొత్తం 25కు గుణిజమే అవుతుంది. అనగా సున్నా చుట్టూ ఎంత చిన్న పరిసరం తీసుకున్నా అందులో ఒక పూర్తి ఉపసమూహం ఇమిడి ఉంటుంది. ఏ రెండు బిందువులనూ కలిపే అవిచ్ఛిన్న భాగం లేని ప్రతి స్థానిక కాంపాక్ట్ సమూహంలోనూ, తత్సమాంశం యొక్క ప్రతి పరిసరంలో కాంపాక్ట్ వివృత ఉపసమూహం ఉంటుందని వాన్ డాంట్‌జిగ్ నిరూపించారు. ఇటువంటి ఉపసమూహాల ఆధారంగానే ఆస్ట్రేలియా గణితవేత్త జార్జ్ విల్లిస్ 1994లో ఈ సమూహాల నిర్మాణంపై కొత్త సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు.

1953 ఉప్పెన, కరకట్టలు

యుద్ధం తరువాత ఈయన కృషి ప్రధానంగా సంభావ్యత, సాంఖ్యక శాస్త్రాలపై సాగింది. 1953 ఫిబ్రవరి 1న ఉత్తర సముద్రపు ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది మరణించారు. ఆ దేశ ప్రభుత్వం డెల్టా సంఘాన్ని నియమించగా, కరకట్టలు ఎంత ఎత్తుండాలన్న ప్రశ్న వాన్ డాంట్‌జిగ్ ముందుకు వచ్చింది. గత ఉప్పెనల నీటిమట్టానికి కొంత చేర్చి ఎత్తు నిర్ణయించుటకు బదులు, ఈయన రెండు వ్యయాలను తూచారు. కట్ట పెరిగినకొద్దీ నిర్మాణ వ్యయం పెరుగుతుంది, వరద వలన ఊహించదగిన నష్టం తగ్గుతుంది. ఈ రెండింటి మొత్తం కనిష్ఠమయ్యే ఎత్తే తగినదని 1956లో ఎకనామెట్రికా పత్రికలో వివరించారు. ఏ కట్టకైనా ప్రమాద సంభావ్యత సున్నా కాదన్నది ఈ పద్ధతికి మూలం.

మరణం

వాన్ డాంట్‌జిగ్ 1959లో, తన 58వ యేట మరణించారు. డెల్టా సంఘం తుది నివేదిక మరుసటి సంవత్సరం వెలువడింది. దేశ మధ్య తీరానికి, ఏ సంవత్సరంలోనైనా సంభావ్యత 10,000లో ఒక వంతు మాత్రమే ఉండే నీటిమట్టాన్ని సైతం కట్టలు తట్టుకోవాలని అది ప్రమాణం నిర్దేశించింది.