వాల్టర్ జాన్సన్

మన దేశమున క్రికెట్టు ఆటకు ఎంతటి ఆదరము కలదో, అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ ఆటకు అంతటి ఆదరము కలదు. ఈ రెండు ఆటలును దూరపు చుట్టములని చెప్పవచ్చును. బేస్‌బాలునందును ఒకడు బంతి విసరును. మరియొకడు కర్రతో దానిని కొట్టును. బంతి విసరువానికి పిచర్ అని పేరు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమున నిలిచి, బంతిని నేలకు తాకనీయక నేరుగా విసరును. బంతిని కొట్టినవాడు 90 అడుగుల కొకటిగా నున్న మూడు బేసులను వరుసగా చుట్టి, తాను బయలుదేరిన చోటికి తిరిగివచ్చినచో ఒక పరుగు లభించును. బంతిని కొట్టవలసియుండియు మూడుమారులు కొట్టలేకపోయినవాడు ఔటగును. ముగ్గురు ఔటైనచో ఆ వంతు ముగియును. ఒక్కొక్క జట్టునకు 9 వంతులు. అప్పటికిని పరుగులు సమానముగా నున్నచో, ఒకరు గెలుచువరకు ఆట సాగుచునే యుండును. ఈ కొద్దిపాటి సంగతి తెలిసిన చాలును. వాల్టర్ జాన్సన్ కథ బోధపడును.

జాన్సన్ 1887వ సంవత్సరము నవంబరు 6వ తేదీన కాన్సాస్ రాష్ట్రమునందలి హంబోల్టు పట్టణ సమీపమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. సేద్యము కలిసిరాక, కొంతకాలమునకు ఆ కుటుంబము కాలిఫోర్నియాలోని నూనెబావుల ప్రాంతమునకు తరలిపోయెను. బాలుడు పొడగరి, అతని చేతులు మిక్కిలి పొడవైనవి. చేతిని పైకెత్తక ప్రక్కనుండి కొరడా ఝళిపించినట్లు అతడు బంతిని విసరెడివాడు. ఇట్లు విసరుమని అతనికి ఎవ్వరును నేర్పలేదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున అతడు ఐడహో రాష్ట్రమునందలి వైజర్ అను చిన్న ఊరిలో టెలిఫోను స్తంభములకు గుంతలు త్రవ్వు పనిలో కుదిరి, తీరిక వేళలందు ఆ ఊరి జట్టులో ఆడుచుండెను. అతని బంతి కంటికి ఆనుట లేదన్న వార్త దేశమంతయు దాటి వాషింగ్టను నగరమునకు చేరెను.

ఆ నగరమున సెనేటర్లు అను వృత్తి ఆటగాండ్ర జట్టు ఒకటి కలదు. దాని దుస్థితి చెప్పనలవి కాదు. 1904వ సంవత్సరమున ఆ జట్టు 113 ఆటలలో ఓడిపోయెను. రాజధానికి అన్నిటను మొదటి స్థానమే గాని బేస్‌బాలులో మాత్రము కడపటి స్థానమని జనులు పరిహాసము చేసికొనుచుండిరి. ఆ జట్టువారు గాయపడి ఆడలేకున్న తమ ఆటగాని నొకనిని వైజరునకు పంపి జాన్సనును పిలిపించిరి. తాను పనికిరాకపోయినచో ఇంటికి తిరిగివచ్చుటకు రైలు ఖర్చు ముందుగా ఇప్పింపవలెనని ఆ పల్లెటూరి యువకుడు కోరెనట. ఆ సొమ్ముతో అతనికి అవసరము కలుగలేదు. 1907వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అతడు డెట్రాయిటు జట్టుపై మొదటి ఆట ఆడెను. ఆ ఆటలో వాషింగ్టను ఓడినను, చూచినవారికి అతడెట్టివాడో తెలిసిపోయెను.

ఆ కాలమున రైలుబండిని మించిన వేగము సామాన్యులెరుగరు. కనుక పత్రికలవారు జాన్సనుకు పెద్ద రైలుబండి అని పేరు పెట్టిరి. 1908వ సంవత్సరమున అతడు న్యూయార్కు జట్టుపై నాలుగు దినముల వ్యవధిలో మూడు ఆటలు ఆడి, మూడింటను ఎదుటివారికి ఒక్క పరుగైనను దక్కనీయలేదు. నడుమ నొకదినము ఆదివారమగుటచే ఆట లేదు, ఉన్నచో ఏమయ్యెడిదో! 1913వ సంవత్సరమున అతడు 36 ఆటలు గెలిచి, 7 మాత్రమే ఓడిపోయెను.

ఇంతటి వేగము గలవానికి ఒక భయము కూడ కలదు. తన బంతి తగిలి ఎవనికైన ప్రాణాపాయము కలుగునేమో యని అతడు సదా జంకుచుండెను. అప్పటి ఆటగాండ్రకు తలకు రక్షణగా నేదియు లేదు. ఈ భయము వట్టిది కాదని 1920వ సంవత్సరమున వెల్లడియయ్యెను. ఆ యేట మరియొక పిచర్ విసరిన బంతి తలకు తగిలి క్లీవ్‌లాండు జట్టు ఆటగాడు రే చాప్మన్ మరణించెను. జాన్సను మృదుస్వభావమును ఎదుటి జట్లవారు చక్కగా కనిపెట్టిరి. టై కాబ్ అను గొప్ప ఆటగాడు, జాన్సను తనకు బంతి తగులనీయడన్న ధైర్యముతో కావలెనని ముందునకు జరిగి నిలిచి కొట్టెడివాడు. ఇది తెలిసియు జాన్సను తన పద్ధతి మార్చుకొనలేదు. అంపైరు తీర్పు అన్యాయమని తోచినను అతడు వాదించెడివాడు కాదు. సహచరుడు చేతిలోని బంతిని జారవిడిచి ఆటను చెడగొట్టినను పల్లెత్తు మాట అనెడివాడు కాదు. అట్టి సహచరులు అతనికి కొదువ లేదు. అతడు ఎదుటివారికి ఒకే పరుగిచ్చియు, తనవారు అదియైనను తీయలేక ఓడిన ఆటలే ఇరువదికి పైగా కలవు.

ఇట్లు పదునేడేండ్లు గడచెను. దేశమున అతనిని మించిన పిచర్ లేడని అందరును ఒప్పుకొనిరి. కాని ఏటేట అమెరికను లీగు, నేషనల్ లీగు అను రెండు కూటముల విజేతలు తలపడు ప్రపంచ పోటీలో అతడు ఒక్కమారైనను అడుగిడి యెరుగడు. ఆ పోటీలో ఏడు ఆటలకు నాలుగు గెలిచినవారే విజేతలు. 1920వ సంవత్సరమున చేతినొప్పి ఆరంభమై అతని బలము తగ్గెను. వయసు ముప్పదియారు దాటెను. ఇక ఆట చాలింపవలెనని అతడు యోచించుచుండెను.

1924వ సంవత్సరమున జట్టు యజమాని క్లార్కు గ్రిఫిత్ ఒక సాహసము చేసెను. ఇరువదియేడేండ్ల బకీ హారిసును మేనేజరుగా నియమించెను. జాన్సనుకన్న దాదాపు తొమ్మిదేండ్లు చిన్నవాడగు హారిసు తానును ఆడుచు జట్టును నడుపవలెను. ఇది పిల్లలాట యని పలువురు నవ్విరి. గడచిన మూడేండ్లును అమెరికను లీగు గెలిచిన న్యూయార్కు యాంకీలు బేబ్ రూత్ అంతటివానిని తమవైపు ఉంచుకొనియుండ, వాషింగ్టను పేరెత్తువారెవరు? కాని వేసవి నడిమికి సెనేటర్లు ముందుకు వచ్చిరి. శరత్కాలమువరకు రెండు జట్లును నువ్వా నేనా యని పోరాడెను. తుదకు వాషింగ్టను 92 ఆటలు గెలిచి, యాంకీలకన్న రెండు ఆటలు ముందు నిలిచెను. అందులో 23 గెలుపులు జాన్సనువే. ఆ యేడు లీగులో అత్యుత్తమ ఆటగాడుగా కూడ అతడే ఎన్నికయ్యెను.

ప్రపంచ పోటీలో ఎదురైనది జాన్ మెక్‌గ్రా నడుపుచున్న న్యూయార్కు జయంట్లు. దేశాధ్యక్షుడు కూలిడ్జి మొదటి ఆట చూచుటకు విచ్చేసెను. జాన్సను పండ్రెండు వంతులు బంతి విసరెను. కాని 4–3గా ఓడిపోయెను. అయిదవ ఆట న్యూయార్కునందు జరిగెను. అందు పదునెనిమిదేండ్ల బాలుడు ఫ్రెడ్డీ లిండ్‌స్ట్రమ్ అతని బంతులను నాలుగుమారులు చక్కగా కొట్టెను. వాషింగ్టను 6–2గా ఓడెను. పదునెనిమిదేండ్లు కాచుకొన్న పోటీలో ఆడిన రెండు ఆటలును పోయెను. జాన్సనుకు కాలము చెల్లినదని జనులు దుఃఖించిరి. తన మూలముననే జట్టునకు చేటు కలిగెనని అతడును క్రుంగిపోయెను.

ఆరవ ఆటను టామ్ జాకరీ గెలిపించుటచే చెరి మూడు ఆటలయ్యెను. కడపటిదగు ఏడవ ఆట అక్టోబరు 10వ తేదీన వాషింగ్టనునందు జరిగెను. ఎనిమిదవ వంతు వచ్చువరకు జయంట్లు 3–1గా ముందుండిరి. అప్పుడు హారిసు కొట్టిన బంతి నేలబారున పోయి, హఠాత్తుగా ఎగిరి లిండ్‌స్ట్రమ్ తలమీదుగా దాటిపోయెను. ఇద్దరు పరుగు పూర్తిచేసిరి. లెక్క సమమయ్యెను.

తొమ్మిదవ వంతున బంతి విసరుటకు ఎవరిని పంపవలెను? హారిసు జాన్సనును పంపెను. అతడు మైదానములోనికి నడచివచ్చుచుండగా ప్రేక్షకులు లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి. కాని వెంటనే వారి గుండె జారెను. ఒకడు ఔటైన పిదప ఫ్రాంకీ ఫ్రిష్ కొట్టిన దెబ్బకు తానే మూడవ బేసు చేరెను. ఇక 90 అడుగులు వచ్చినచో జయంట్లకు ఆధిక్యము. తరువాతివానికి కావలెనని మొదటి బేసు విడిచిపెట్టి, బలశాలియగు జార్జి కెల్లీని జాన్సను మూడు బంతులకు లొంగదీసి ఔట్ చేసెను. ఆపై వచ్చినవాడు నేలబారు బంతి కొట్టి ఔటయ్యెను. ఫ్రిష్ మూడవ బేసుకడనే నిలిచిపోయెను. పది, పదునొకండు, పండ్రెండు వంతులు గడచెను. ప్రతి వంతునను ఎవరో యొకరు బేసు చేరుచునే యుండిరి. ఒక్కరైనను పరుగు పూర్తి చేయలేదు. పదునొకండవ వంతున కెల్లీ మరల ఎదురుపడి మరల ఓడెను.

పండ్రెండవ వంతున వాషింగ్టను కొట్టువేళ మడ్డీ రూల్ ఎత్తుగా లేపిన బంతిని పట్టబోయి, జయంట్ల క్యాచరు గౌడీ తాను క్రింద పడవేసిన ముఖకవచములోనే కాలు పెట్టి తొట్రుపడెను. బంతి జారిపోయెను. బ్రదికి బయటపడిన రూల్ తరువాతి బంతులలో నొకదానిని కొట్టి రెండవ బేసు చేరెను. పిదప జాన్సను తానే కర్ర పట్టెను. అతడు కొట్టిన బంతిని ఎదుటివారు సరిగా పట్టలేకపోవుటచే అతడును మొదటి బేసు చేరెను. అటుపై ఎర్ల్ మెక్‌నీలీ కొట్టిన బంతి తిన్నగా లిండ్‌స్ట్రమ్ వైపు పోయెను. రాతికి తగిలెనో, మట్టిపెళ్లకు తగిలెనో, అదియు ఎగిరి ఆ బాలుని తలమీదుగా దాటెను. రూల్ పరుగెత్తి వచ్చెను. వాషింగ్టను 4–3గా గెలిచెను. అది అదృష్టమని అన్నవారు కలరు. నిజమే, కాని నాలుగు వంతులపాటు పరుగీయక నిలిపిన చేయి లేకున్నచో ఆ రాతికి పని యేమి? జనులు మైదానమున విరుచుకొనిపడిరి. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు నగరవీథులు కోలాహలముతో నిండియుండెను.

మరుసటి యేడును వాషింగ్టను లీగు గెలిచెను. ప్రపంచ పోటీలో జాన్సను పిట్స్‌బర్గు జట్టుపై రెండు ఆటలు గెలిచి, వానలోను బురదలోను జరిగిన కడపటి ఆటలో 9–7గా ఓడెను. అతనిని తుదివరకు మార్చక ఉంచుట తప్పని హారిసును పెద్దలు నిందించిరి. హారిసు తన నిర్ణయమునకు వగవలేదు.

1927వ సంవత్సరమున జాన్సను ఆట విరమించెను. అప్పటికి అతని గెలుపులు 417. ఎదుటివారికి ఒక్క పరుగైన ఈయక గెలిచిన ఆటలు 110; ఈ సంఖ్యను నేటివరకు ఎవ్వరును దాటలేదు. 1930వ సంవత్సరమున అతని భార్య హేజెల్ మరణించెను. పిదప అతడు మేరీలాండు రాష్ట్రమున వ్యవసాయము చేసికొనుచు పిల్లలను పెంచెను. 1936వ సంవత్సరమున బేస్‌బాల్ కీర్తిమందిరమునకు మొట్టమొదట ఎన్నికైన ఐదుగురిలో అతడొకడు. ఆ యేడే ఫిబ్రవరి 22వ తేదీన, జార్జి వాషింగ్టను జన్మదినమున, ఒక వేడుక జరిగెను. ఆ మహనీయుడు బాల్యమున రాపహానక్ నది కడ్డముగా వెండినాణెము విసరెనని ఒక కథ కలదు. అది సాధ్యమా యని జనులు సందేహింపగా, నలువదియెనిమిదేండ్ల జాన్సను ఆ నది యొడ్డున నిలిచి నాణెమును ఆవలి దరికి విసరి చూపెను. 1940వ సంవత్సరమున కాంగ్రెసునకు పోటీచేసి స్వల్పమైన తేడాతో ఓడిపోయెను. 1946వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన వాషింగ్టనునందు అతడు కన్నుమూసెను.

సెనేటర్లు 1960వ సంవత్సరపు ఆటల పిదప ఆ నగరమును విడిచి మిన్నెసోటా రాష్ట్రమునకు తరలిపోయిరి. ఏడవ ఆట జరిగిన మైదానమును 1965వ సంవత్సరమున పడగొట్టిరి. తరువాత అచ్చట హోవర్డు విశ్వవిద్యాలయపు వైద్యశాల వెలసెను. వాషింగ్టను జట్టు ఒకటి మరల ప్రపంచ పోటీని గెలుచుటకు తొంబదియైదేండ్లు పట్టెను. అది 2019వ సంవత్సరము.