ముందు తానే విద్యార్థి అయిన గిడుగు మాస్టారు

సునాబెడ తెలుగు బడిలో మా ముందు ఇంట్లో ఒడియానో దేశియానో మాట్లాడే పిల్లలూ కూర్చుంటారు. అలాంటి పిల్లవాడు పలకకపోతే ఏం చేయాలో తోచక పాఠం ముందుకు లాగేసిన రోజులు మాకున్నాయి. అప్పుడు గుర్తొచ్చేది గిడుగు వెంకట రామమూర్తి గారు.

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఆ కొండల్లోని సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు లేదు. ఆయన సవర తెలిసినవారిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. అందులో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. 1938లో ఆయన సవర-ఇంగ్లిషు నిఘంటువు అచ్చయింది. 1940లో కన్నుమూశారు.

ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈసారి దండతో సరిపెట్టొద్దు. తల్లిదండ్రులు తమ ఇంటి మాటలు పది రాసి పంపండి. టీచర్లం వాటిని పిల్లల దగ్గరే పలకడం నేర్చుకుందాం. మన తప్పులు దిద్దే పిల్లవాడు ఇక మౌనంగా కూర్చోడు.