ఫోర్ట్రాన్‌కు ప్రాణం పోసిన జాన్ బాకస్

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనకు కొత్త ఊరు, కొత్త బడి, ఒక్కోసారి కొత్త భాష. ఒకప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములకు ఇంతకంటే పెద్ద కష్టం ఉండేది. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రాము వేరే రకం యంత్రానికి అర్థమయ్యేదే కాదు. ఆ కష్టాన్ని తగ్గించిన వారిలో ముఖ్యులు జాన్ బాకస్.

ఆయన 1924 డిసెంబరు 3న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. బడిలో మంచి విద్యార్థి అనిపించుకోలేదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదువు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత సైన్యంలో చేరారు. వైద్యవిద్య మొదలుపెట్టి, కొన్ని నెలలకే మానేశారు. న్యూయార్కులో రేడియో పని నేర్చుకుంటున్నప్పుడు ఆయనకు లెక్కల మీద ఇష్టం పుట్టింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1950లో ఐబీఎంలో చేరారు.

అప్పట్లో శాస్త్రవేత్తలు ప్రతి లెక్కనూ యంత్రం భాషలోనే ఆదేశాలుగా రాయాల్సి వచ్చేది. అందుకు వారాలు పట్టేది, తప్పులూ ఎక్కువే. గణిత సూత్రంలా రాస్తే, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒకటి కావాలని బాకస్ 1953 చివర్లో తన సంస్థకు ప్రతిపాదించారు. చేత్తో రాసిన ప్రోగ్రామంత వేగంగా అది పనిచేయదని చాలామంది అనుమానించారు. అందుకే ఆయన బృందం వేగం మీదే ఎక్కువ శ్రమపడింది. 1957లో ఐబీఎం 704 యంత్రానికి ఫోర్ట్రాన్ కంపైలర్ సిద్ధమైంది. అనుమానాలు తీరిపోయాయి.

త్వరలోనే ఇతర యంత్రాలకూ ఫోర్ట్రాన్ కంపైలర్లు వచ్చాయి. మన దేశంలో కాన్పూర్ ఐఐటీకి 1963లో ఐబీఎం 1620 వచ్చింది. అక్కడి విద్యార్థులు ఫోర్ట్రాన్ నేర్చుకున్నారు.

ఇప్పటికీ ఫోర్ట్రాన్ ప్రోగ్రామును వేరే రకం కంప్యూటర్‌కు తీసుకెళ్తే, అక్కడి కంపైలర్‌తో మళ్లీ కంపైల్ చేయాలి. ఏ కంపైలర్ వాడాలి, లైబ్రరీలు ఎక్కడున్నాయి, ఏ ఫైలు ముందు, ఏది వెనుక అన్నవి 'మేక్' లాంటి సాధనానికి రాసి ఇవ్వాలి. కొత్త బడిలో చేరేటప్పుడు మనం టీసీ, మార్కుల పత్రం ఇచ్చినట్టే! కాగితాలు సరిగా ఉంటే ప్రవేశం సులువు. ప్రోగ్రాము మాత్రం పెద్దగా మారనక్కర్లేదు.

బాకస్‌కు 1977లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 మార్చి 17న ఆయన కన్నుమూశారు. వాతావరణ సూచనల లెక్కల్లో ఫోర్ట్రాన్ నేటికీ పనిచేస్తోంది. ఇన్ని చదువులు మారిన మనిషి చివరికి తన దారి కనుక్కున్నారు. ఊళ్లు మారే మనకు ఆ మాట ధైర్యాన్నిస్తుంది.