ముందు లెక్క.. ఆ తర్వాతే కట్ట

సివిల్ ఇంజినీరింగ్ అంటే సిమెంటు, ఇనుము, సైట్‌లో ఎండ.. ఇంతే అనుకుంటున్నారా? అయితే మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టించిన వాటికన్నా, కట్టకముందు ఆయన ఏం చేశారో చూడండి.

1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. పూర్వికులది మాత్రం మన గిద్దలూరు వైపున్న మోక్షగుండమే. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బీఏ గట్టెక్కారు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇవ్వడంతో పుణెలో ఇంజినీరింగ్ చదివి, 1883లో ఫస్ట్ ర్యాంకు కొట్టారు. మరుసటి ఏడాదే బొంబాయి పీడబ్ల్యూడీలో ఉద్యోగం.

సింధులోని సుక్కూరులో ఆయనకు ఎదురైన చిక్కు ఈనాటి సైట్ ఇంజినీర్లకూ తెలిసిందే: పని ఉంది, డబ్బు లేదు. సింధు నది నీళ్లు బురదమయం. వడపోత కట్టడాలకు మున్సిపాలిటీ దగ్గర నిధుల్లేవు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చిన నీరు తేటగా బావిలో చేరేది. అంటే నది ఇసుకే ఫిల్టరయింది!

ఇక హైదరాబాద్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలుపుతో 1909లో వచ్చిన విశ్వేశ్వరయ్యను నదికి రెండువైపులా గోడలు లేపి సరిపెట్టమంటే సరిపెట్టొచ్చు. కానీ ఆయన వాన లెక్కలు ముందేసుకున్నారు. హైడ్రాలజీని పరీక్షలో చాయిస్ కింద వదిలేసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఎగువన ఎంత వాన పడింది, ఆ నీళ్లు ఎటు నుంచి ఎంత వేగంగా వచ్చాయి, ఏ చెరువు ఎప్పుడు తెగింది.. అన్నీ ఆరా తీశారు. పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. నగరం మీద పడింది వాన ఒక్కటే కాదన్నమాట.

అందుకే ఆయన మందు ఊళ్లో కాదు, ఊరికి ఎగువన వేశారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద మరొకటి, రెండు జలాశయాలు కట్టాలన్నారు. వరదొస్తే పట్టి ఉంచి, నది మోయగలిగినంతే కిందికి వదలాలి. మామూలు రోజుల్లో అవే తాగునీటికీ పనికొస్తాయి. ఒకే ఖర్చు, రెండు పనులు.

అదే ఏడాది నవంబరులో చీఫ్ ఇంజినీరుగా మైసూరు వెళ్లిపోయారు. కట్టే పని ఇతరుల చేతుల మీదుగా సాగింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటికి ఆయన మైసూరు దివాన్ అయ్యారు, ఆ పదవినీ వదిలేశారు.