పెనుకొండ చేరిన తిరుమలరాయలు

విజయనగర సామ్రాజ్యాన్ని పాలించిన నాలుగు రాజవంశాలలో చివరిది అరవీటి వంశం. ఆ వంశీయులు మొదట సింహాసనానికి సేవకులే. ముత్తాత బుక్కరాజు సాళువ నరసింహరాయల సేనానిగా ప్రసిద్ధి పొందాడు. తాత రామరాజు అవుకు, కందనవోలు దుర్గాలను సాధించాడు. ఆ రామరాజు కుమారుడు శ్రీరంగరాజు. అతని పుత్రులు అళియ రామరాయలు, తిరుమలరాయలు, వేంకటాద్రి. సదాశివరాయలు పేరుకు చక్రవర్తిగా ఉండగా రాజ్యభారమంతా ఈ అన్నదమ్ములే వహించారు.

1565 జనవరి 23న రాక్షసి - తంగడి యుద్ధం జరిగింది. దక్కను సుల్తానుల కూటమి చేతిలో విజయనగర సైన్యం చితికిపోయింది. రామరాయలు శత్రువుల చేతిలో హతుడయ్యాడు. సోదరులలో మిగిలి రాజధానికి చేరినవాడు తిరుమలరాయలు. అప్పటికాయన వృద్ధుడు. నగరాన్ని నిలబెట్టుకొనే ప్రయత్నం ఆయన చేయలేదు. సదాశివరాయలను, రాజకుటుంబాన్ని, ధనరాశులను వెంటబెట్టుకొని దక్షిణంగా పెనుకొండకు తరలిపోయాడు. ఆ ధనం 550 ఏనుగుల మీద సాగిందని చెబుతారు. వెనుక మిగిలిన ప్రజలకు రక్షణ కరవైంది. శత్రుసేనలు నెలల తరబడి నగరాన్ని కొల్లగొట్టాయి. తిరుమలరాయల కీర్తికి ఈ మచ్చ చెరగనిది. అయితే ఆయన ఆనాడు అక్కడే పోరాడి మరణించి ఉంటే సామ్రాజ్యకథ కూడా ఆ సంవత్సరంతోనే ముగిసి ఉండేది.

పెనుకొండ ఆయనకు క్రొత్త చోటు కాదు. మొదటి బుక్కరాయల కాలంనుండి అది రాజకుమారులు, రాజప్రతినిధులు వసించిన దుర్గం. పెన్నా నది పారే హిందూపురం సీమకూ, చిత్రావతి ఒడ్డున ఉన్న ధర్మవరానికీ నడుమ ఎత్తైన కొండ, దాని చుట్టూ కోట, అడుగున చెరువు. హిందూపురానికి సమీపంలోని లేపాక్షి ఆలయాన్ని అచ్యుతరాయల కాలంలో నిర్మింపజేసిన విరూపణ్ణ ఈ పెనుకొండ సీమ అధికారియే. కొండల మరుగున ఉన్న ఈ ప్రాంతం ఓడిన రాజుకు ఆశ్రయమిచ్చింది.

అయినా పాత రాజధాని మీద తిరుమలరాయలకు మమకారం చావలేదు. శత్రువులు వెనుదిరిగిన పిమ్మట అక్కడకు మళ్ళీ వెళ్ళి, జనాన్ని రప్పించి నగరాన్ని పునరుద్ధరించాలని ప్రయత్నించాడు. 1567లో అక్కడ ఏడు నెలలున్న ఇటలీ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ తాను చూచినది వ్రాసిపెట్టాడు. ఇండ్లు నిలిచే ఉన్నాయి, కాని వాటిలో మనుషులు లేరు, పులులు తిరుగుతున్నాయి. సైన్యానికి గుఱ్ఱాలు అవసరమై రాయలు వర్తకులను పిలిపించాడట. వారు తెచ్చిన గుఱ్ఱాలను తీసుకొని వెల మాత్రం చెల్లించలేదట. అంతటి ధనం తెచ్చుకున్నవాడు ఇలా చేయడం విచిత్రమే. చివరకు ఆశ వదలుకొని 1567లోనే కొలువును పెనుకొండలో స్థిరపరచాడు.

సుమారు 1570లో తిరుమలరాయలు తానే పట్టాభిషిక్తుడయ్యాడు. సదాశివరాయల పేరుతో సాగిన పాలనకు ఇది అన్యాయమైన ముగింపే. అయితే క్రొత్త రాజు అనుభవజ్ఞుడు. మధుర, తంజావూరు, జింజి నాయకులతో వైరం పెంచుకోక వారి అధికారాన్ని అంగీకరించాడు. భాషలను బట్టి రాజ్యాన్ని విభజించి, తెలుగు సీమను పెనుకొండనుండి శ్రీరంగరాయలకు, కన్నడ సీమను శ్రీరంగపట్టణంనుండి రామరాయలకు, తమిళ సీమను చంద్రగిరినుండి వేంకటపతిరాయలకు అప్పగించాడు. ముగ్గురూ ఆయన కుమారులే. ఇన్ని చిక్కులలోనూ కవిత్వాన్ని విడువలేదు. రామరాజభూషణుడు తన వసుచరిత్రను ఈ రాజుకే అంకితమిచ్చాడు.

1572లో రాజ్యభారం శ్రీరంగరాయలకు సంక్రమించింది. 1576లో బిజాపూరు సుల్తాను పెనుకొండను ముట్టడించాడు. గోల్కొండ సహాయంతో కోట నిలిచింది. 1586లో సింహాసనమెక్కిన వేంకటపతిరాయలు 1614 వరకు సమర్థంగా పాలించాడు గాని, ఆయన కాలంలోనే రాజధాని చంద్రగిరికి, తరువాత వేలూరుకు మారింది. 1639లో ఆంగ్లేయులు చెన్నపట్నంలో కోట కట్టుకొనేందుకు అనుమతి పొందినది ఈ వంశీయుల సామంతుడైన దామర్ల వేంకటాద్రి నుండి. ఆ శతాబ్దం నడుమ మూడవ శ్రీరంగరాయలతో రాజ్యం అంతరించింది. తుంగభద్ర ఒడ్డున, పాత విజయనగరానికి ఎదురుగా ఉన్న ఆనెగొంది సంస్థానాధీశులు తమను అరవీటి వంశీయులుగానే చెప్పుకున్నారు.